మ్రింగుటయెడ మన యశ్రద్ధ

శరీరశాస్త్రము జదువు విద్యార్థులు గుండెను గూర్చియు ఊపిరితిత్తులను గూర్చియు పుటలకొలది చదువుదురు. నోటిలోని యన్నము కడుపున కెట్లు చేరునని యడిగినచో మాత్రము ‘మ్రింగుటచేత’ నని యొక్క మాటతో ముగింతురు. ఆ యొక్క మాటలో నణగియున్న పని యెంత సున్నితమైనదో యెఱుగమిచేతనే మన యిండ్లలో పసిబిడ్డలకును రోగులకును వృద్ధులకును ప్రేమతోడనే కీడు జరుగుచున్నదని మా యభిప్రాయము.

మన కంఠమున గాలిదారియు అన్నపుదారియు నొకదాని నొకటి దాటుచున్నవి. ముక్కునుండి వచ్చు గాలి ముందున్న శ్వాసనాళమునకు బోవలెను. నోటినుండి వచ్చు అన్నము వెనుకనున్న అన్ననాళమునకు బోవలెను. ఇట్టి కూడలిలో కావలి లేకున్న నేమగునో వేఱుగ జెప్పనక్కఱలేదు. చదువరులు తమ గొంతుముడిపై వ్రేలుంచి యొక గ్రుక్క మ్రింగి చూతురుగాక. అది పైకి లేచి మరల దిగుట తెలియును. ఆ క్షణముననే మృదుతాలువు లేచి ముక్కుదారిని మూయును, స్వరపేటిక నాలుక మొదటి క్రిందికి జేరును, ఉపజిహ్విక యను ఆకువంటి మూత దానిపై వ్రాలును, స్వరతంత్రులు దగ్గఱపడును, ఊపిరి నిలుచును, అన్ననాళపు ద్వారము తెఱచుకొనును. ఇదంతయు సుమారొక సెకండులో ముగియును. మెదడునుండి వెడలు పండ్రెండు జతల నాడులలో అయిదు జతలు ఈ పనికై యేకమగుచున్నవి. పిమ్మట దాదాపు 25 సెంటిమీటర్ల పొడవుగల అన్ననాళము అలవలె ముడుచుకొనుచు ముద్దను పదిసెకండ్లలోపల కడుపునకు జేర్చును. తలక్రిందులుగ నున్నవాడును మ్రింగగలుగుట ఈ యలవలననే.

ఇందు గమనింపవలసిన విషయ మొకటి గలదు. నమలుటయు, ముద్దను నాలుకతో వెనుకకు నెట్టుటయు మాత్రమే మన యిచ్ఛకు లోబడినవి. తరువాతి పనిని మెదడు క్రిందిభాగము తానై నడపును. స్వయముగ మ్రింగువానికే స్వాధీనముకాని యీ పనిని ఇతరులు బలవంతముగ జేయింపజూచుట యెంత యవివేకము!

పొలమాఱినప్పుడు ఎవరో తలచుకొనుచున్నారని నెత్తిపై దట్టుట మనవారి వాడుక. ఆ మాట ముద్దుగనే యున్నది గాని, నిజమునకు గాలిదారిలోనికి జొరబడిన మెతుకును దగ్గు వెడలగొట్టుచున్నది. ఆ దగ్గు కావలివాని కేక. కేక వినబడినంతకాలము భయము కొంచెమే. పక్షవాతము దగిలినవారిలో సుమారు సగముమందికి మొదటి దినములలో మ్రింగుట చెడును. వారిలో కొందఱికి ఆహారము ఊపిరితిత్తులలోనికి దిగుచున్నను దగ్గే రాదు. చూచువారు ‘చక్కగ తినుచున్నా’రని సంతసింతురు, కొలది దినములకు జ్వరమును, న్యుమోనియాయు దాపురించును. వణుకుడు రోగము గలవారికిని, మిక్కిలి వృద్ధులకును నిట్టి యపాయము గలదు. తినినపిమ్మట గొంతులో గురగురమని తడిధ్వని, భోజనమునకు మితిమీఱిన కాలము పట్టుట, మాటిమాటికి జ్వరము, బరువు తగ్గుట — ఇవి దాని గుర్తులు.

అన్ననాళమున వచ్చు రోగములు వేఱు. ఆంగ్లవైద్యుడు థామస్ విల్లిస్ 1674వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమున నొక రోగి కథ గలదు. అన్ననాళపు దిగువద్వారము తెఱచుకొనక తినినదెల్ల వెడలివచ్చుచుండగా, విల్లిస్ తిమింగిలపు నోటినుండి తీసిన వంగెడు పుల్లకు స్పంజి ముక్క గట్టి యిచ్చెను. రోగి దానితో అన్నమును దిగద్రోసికొనుచు చాల యేండ్లు బ్రతికెను. నేడు దీనికి శస్త్రచికిత్సయు గలదు. అయితే మొదట ముద్దయు, నానాటికి జావయు దిగకపోవుట పుండునకో క్యాన్సరునకో గుర్తు కావచ్చును గాన, దిష్టియనియు వేడియనియు కాలము గడపక వైద్యుని జూడవలెను.

ఇక మన యాచారములు. మూర్ఛవచ్చినవాని నోట నీరు పోయుదుము. పసిబిడ్డను వెల్లకిల బరుండబెట్టి ముక్కు మూసి ఆముదము పోయు తల్లులు నేటికిని గలరు. ఆ నూనె ఊపిరితిత్తులలో జేరి రోగము గల్పించును. మంచముపట్టిన తాతగారికి పండుకొనియుండగనే గబగబ గరిటెతో బోయుదుము. ‘గొంతెండుచున్నవానికి నీరైన బోయకుండుట ప్రేమయా?’ యని యడుగువారు గలరు. ఆ బాధ మేమెఱుగుదుము. కాని స్పృహలేనివాని నోటిలోని నీరు కడుపునకు బోవదు; ఊపిరినే యడ్డును. తడిగుడ్డతో పెదవులు తుడిచి వైద్యునికై పంపుట నిజమైన ప్రేమ. అవసరమైన వారు ముక్కునుండి గొట్టము వేసి యాహార మిత్తురు. మఱియు నీరు అన్నిటికంటె సులభమని తలచుట పొరపాటు. అది త్వరగ జాఱుటచే బలహీనమైన కంఠమునకు చిక్కని జావకంటె నీరే కష్టము కావచ్చును.

కావున పాఠశాలలయందు ఆరోగ్యపాఠములలో నీ విషయమును జేర్చవలెనని మా కోరిక. రోగిని నిటారుగ గూర్చుండబెట్టుట, చిన్న ముద్ద పెట్టుట, అది దిగువఱకు వేచియుండుట, తినునపుడు మాటాడింపకుండుట — వీనికి ధనము వలదు, ఓర్పు చాలును. గొంతున బడినవాడు గట్టిగ దగ్గుచున్నచో దగ్గనీయవలెను. మాటయు ఊపిరియు రాకున్న ముందునకు వంచి వీపున భుజపుటెముకల నడుమ అయిదు దెబ్బలు కొట్టవలెను. అప్పటికిని రాకున్న, 1974లో హైమ్‌లిక్ వెల్లడించిన పద్ధతిని వెనుకనుండి కౌగిలించి, బొడ్డునకు పైగా పిడికిలితో లోనికిని పైకిని అయిదుమాఱులు నొక్కవలెను. ఏడాదిలోపు బిడ్డలకు మాత్రము కడుపు నొక్కరాదు. కనబడని వస్తువునకై గొంతులో వ్రేలు పెట్టరాదు.

విద్యార్థులారా! మీ యింట వృద్ధులున్నచో, రేపటి భోజనవేళ వారి ప్రక్కన గూర్చుండి, వారు మ్రింగుదాక రెండవ ముద్ద నెత్తకుడు. శరీరశాస్త్రమున మీరు నేర్చిన పాఠమున కంతకంటె మంచి పరీక్ష లేదు.