తప్పుట, తప్పు

తెలుగున 'తప్పు' క్రియగా నున్నంతవఱకు నిర్దోషమైన మాట. బాటసారి దారి తప్పును, గాయకుడు తాళము తప్పును. ఇందు తొలగుటయే కాని నేరము లేదు. అది నామమైనంతనే దోషార్థము వచ్చినది. అంతటితో నాగినను బాగుండెడిది! వర్ధన్నపేట మొదలగు ఓరుగల్లు సీమ పల్లెలలో దీనికి మూడవ యర్థమును గలదు: జరిమానా. కులపెద్దలు 'తప్పు' వేయుదురు. కట్టుబాటు మీఱినవాడు 'తప్పు' కట్టును. తొలగుట, దోషము, దండన, మూడును నొక్క మాటలో నిమిడిపోవుటచే నడుమ విచారణ యనునది యుండవలెనను తలంపునకే చోటు లేకున్నది. మాట పొదుపు మెచ్చదగినదే; సొమ్ము కట్టువానికి మాత్ర మది వేఱుగా దోచును.

కులాంతర వివాహమాడిన యువతీయువకులు కట్టుబాటు తప్పినారనుట నిజము. ధర్మము తప్పినారా యనునది వేఱు ప్రశ్న. 1954 నాటి ప్రత్యేక వివాహ శాసన మట్టి పెండ్లిని సమ్మతించియే యున్నది. శాసన మొప్పిన పనికి రచ్చబండ దండుగ విధించుట కధికార మెక్కడిది? కట్టనివానిని వెలివేసి నిప్పునీళ్లు పుట్టకుండ జేయుట మఱింత ఘోరము. పౌరహక్కుల పరిరక్షణకై 1955లో వెలసిన శాసనము అంటరానితనమును బట్టి వేసిన వెలినే శిక్షించును. తక్కిన వెలులకై మహారాష్ట్రము 2016లో ప్రత్యేక శాసనము గావించుకొన్నది. 2009 ఎన్నికలనుండి వర్ధన్నపేట షెడ్యూల్డు కులములకు ప్రత్యేకింపబడిన నియోజకవర్గము. వెలి యన నేమో తరతరములుగా నెఱిగిన ప్రజల ప్రతినిధియే యట్టి బిల్లును మన శాసనసభలో బ్రవేశపెట్టుట సముచితమని మా యభిప్రాయము.