కోతి వీరుని ఆటలో అహోబిలానికి పాఠం

నరసింహస్వామి కథ తెలుగునాట ప్రతి కొత్త సాధనాన్నీ ఎక్కి వచ్చింది. యక్షగానాల్లో ఆడారు, వీధి నాటకాల్లో ఆడారు, హరిదాసులు చెప్పారు. 1932లో తెలుగు సినిమాకు తొలిసారి మాటలు వచ్చినప్పుడు హెచ్.ఎం.రెడ్డి ఎంచుకున్నది 'భక్త ప్రహ్లాద' కథనే. 1958లో 'చెంచులక్ష్మి' చిత్రాన్ని చూడడానికి జనం బండ్లు కట్టుకుని వెళ్ళారు. 2025 జూలైలో 'మహావతార్ నరసింహ' అనే బొమ్మల చిత్రం విడుదలై దేశమంతటా ఆడింది. ఇక ఈ కథ ఎక్కవలసిన మెట్టు ఒక్కటే మిగిలింది. అదే నేటి యువకులు కళ్ళప్పగించి చూస్తున్న వీడియో ఆట.

ఈ మెట్టు ఎలా ఎక్కాలో, ఎక్కడ కాలు జారుతుందో తెలుసుకోవాలంటే చైనావారు చేసిన ఒక ఆటను పరిశీలించడం మంచిది. దాని పేరు 'బ్లాక్ మిత్: వుకాంగ్'. హాంగ్‌జౌ నగరంలోని గేమ్ సైన్స్ అనే సంస్థ దీనిని తయారుచేసి 2024 ఆగస్టు 20న విడుదల చేసింది. మూడు రోజుల్లోనే కోటి ప్రతులు అమ్ముడయ్యాయి. ఆ ఏడాది డిసెంబరులో జరిగిన అంతర్జాతీయ వీడియో ఆటల బహుమతుల్లో ఉత్తమ పోరాట ఆటగా ఎంపికైంది. ఒక పురాణ కథకు ఇంతటి ఆదరణ లభించడం సామాన్య విషయం కాదు.

మనకు కొత్త కాని కథ

ఆ ఆటకు మూలం చైనాలో 16వ శతాబ్దంలో వచ్చిన 'పశ్చిమ యాత్ర' అనే నవల. బౌద్ధ గ్రంథాల కోసం భారతదేశానికి బయలుదేరిన ఒక సన్యాసికి సున్ వుకాంగ్ అనే కోతి వీరుడు తోడుగా నడుస్తాడు. అతడు డెబ్బై రెండు రూపాలు ధరించగలడు. చేతిలోని దుడ్డుకర్రను కొండంత చేయగలడు, సూదంత చేయగలడు. మేఘం మీద ఎగరగలడు. ఇది వినగానే మనవారికి హనుమంతుడు గుర్తుకు రాకమానడు. చైనా పండితుడు హు షీ కూడా ఇందులో హనుమంతుని జాడ ఉందన్నాడు. లూ సూన్ అనే మరో పండితుడు కాదు, ఇది చైనా గడ్డ మీద పుట్టిన కోతేనన్నాడు. ఆ వాదం నేటికీ తెగలేదు.

కథలోని సన్యాసి మాత్రం కల్పన కాదు. 7వ శతాబ్దంలో మన దేశం వచ్చిన హ్యుయాన్‌త్సాంగే ఆయన. మన కృష్ణా తీరంలోని ధాన్యకటకంలో కొంతకాలం ఉండి చదువుకుని వెళ్ళాడు. ఆ విధంగా చూస్తే ఈ చైనా ఆట వేరు ఒకటి ఆంధ్రదేశం దాకా పాకి ఉంది.

మెచ్చుకోదగిన గుణాలు

ఈ ఆటలో మొదటి గొప్పతనం సొంత నేలను నమ్ముకోవడం. తయారీదారులు ఊహలో గుళ్ళు కట్టలేదు. చైనా అంతటా తిరిగి నిజమైన ఆలయాలను, విగ్రహాలను యంత్రాలతో కొలిచి ఆటలోకి ఎక్కించారు. ఆటలో కనిపించే 36 నిజమైన స్థలాల్లో 27 ఒక్క షాన్సీ రాష్ట్రానివే. 1056 నాటి కర్ర గోపురం, యుంగాంగ్ గుహల బుద్ధ విగ్రహాలు అందులో ఉన్నాయి. కొండ మీద మారుమూలనున్న షియావోషిత్యాన్ అనే చిన్న ఆలయానికి ఆట వచ్చిన తర్వాత యాత్రికుల తాకిడి బాగా పెరిగింది.

రెండవది, పల్లె కళకు ఇచ్చిన పీట. ఆట రెండవ అధ్యాయంలో తల లేని సన్యాసి ఒకడు కూర్చుని మూడు తీగల వాద్యం మీటుతూ కథ పాడతాడు. అది చైనా వాయవ్య ప్రాంతంలో అంధ గాయకులు ఊరూరా తిరిగి చెప్పుకున్న జానపద కథాగానం. మన జంగం కథలాంటిదన్న మాట. దానిని పాశ్చాత్య సంగీతంలో ముంచకుండా ఆ యాసలోనే, ఆ గొంతుతోనే ఉంచారు. ప్రపంచం వినింది, మెచ్చుకుంది.

మూడవది, ఆడేవాడు వుకాంగ్ కాకపోవడం. అతడు వుకాంగ్ దారిలో బయలుదేరిన మరో కోతి. మహావీరుని ఆరు అవశేషాలను, అంటే కన్ను, చెవి, ముక్కు, నాలుక, దేహం, మనసు అనే ఆరింటిని వెతుక్కుంటూ పోతాడు. దెబ్బలు తినేది, నూరుసార్లు చచ్చి మళ్ళీ లేచేది ఆ శిష్యుడే. మూల వీరుని గౌరవానికి లోటు రాదు.

నాల్గవది, ఓడిపోయిన రాక్షసులకు కూడా కథ ఉండడం. ఎదురుపడ్డ ప్రతి ప్రాణి గురించీ బొమ్మతో సహా చిన్న కథ రాసి పెట్టారు. వాడు రాక్షసుడు ఎందుకయ్యాడో చదివితే చంపినవాడికే జాలి కలుగుతుంది.

లోపాలు కూడా తక్కువేమీ కావు

అయితే ఈ ఆటను నెత్తిన పెట్టుకుని ఊరేగడం తగదు. పెద్ద లోపం కంటికి కనిపించని గోడలు. ఎదురుగా బాట ఉంటుంది, పోదామంటే కాలు సాగదు. ఒక చోట దూకవచ్చు, అలాంటిదే మరో చోట దూకరాదు. ఏది బాటో ఏది గోడో తెలియక ఆడేవాడు తడుముకోవలసిందే. తొలుత దారి చూపే పటం కూడా లేదు. అందరూ మొత్తుకున్నాక 2024 డిసెంబరులో చేర్చారు.

రెండవ లోపం, నవల తెలియనివాడికి కథ అంతుపట్టకపోవడం. ఎవరు ఎవరి మీద ఎందుకు పగబట్టారో ఆట విడమరచి చెప్పదు. చైనా పిల్లవాడు అవ్వ ఒడిలోనే విన్న కథ గనుక పేరు వినగానే పోల్చుకుంటాడు. బయటివాడికి మాత్రం తుది దాకా చీకటే. తలుపు తీసి అతిథిని పిలిచి, లోపల దీపం పెట్టనట్లయింది.

మూడవది, పోరు మీద పోరు. పదుల కొద్దీ పెద్ద రాక్షసులు వరుసగా వస్తారు. మాటాడడానికి, ఆలోచించడానికి, ఇది మంచా చెడా అని తేల్చుకోవడానికి ఆడేవాడికి దొరికే సందర్భాలు బహు తక్కువ. చేతకానివారికి సులువు చేసే ఏర్పాటు కూడా విడుదలనాడు లేదు.

నాల్గవది ఖర్చు. ఇది చేతిలోని ఫోనులో ఆడే ఆట కాదు. 130 గిగాబైట్ల చోటు, ఖరీదైన కంప్యూటరు కావాలి. లేదా ప్లేస్టేషన్ 5 వంటి యంత్రం కొనాలి. పల్లె పిల్లలు దానిని ఆడలేరు, ఎవరో ఆడుతుంటే ఫోనులో చూడగలరు. అంతేగాక, విడుదలకు ముందు ఆటను ప్రదర్శించే కొందరికి ఫలానా విషయాలు ఎత్తరాదని షరతులు పంపడం కూడా విమర్శలకు గురైంది. కథ చెప్పేవారు వినేవారి నోరు కట్టబూనడం శోభించదు.

అహోబిలం సంగతి ఏమిటి?

ఇప్పుడు మన కొండ వైపు చూద్దాం. ఆటకు కావలసినదంతా నల్లమలలో సిద్ధంగా ఉంది. తొమ్మిది నరసింహ క్షేత్రాలు ఎగువ, దిగువ అహోబిలాల చుట్టూ పరచుకుని ఉన్నాయి. కొన్నింటికి బండి పోతుంది, కొన్నింటికి భవనాశి వాగు దాటి రాళ్ళెక్కి నడవాలి. స్తంభం చీలిన చోటుగా భక్తులు చెప్పుకునే ఉగ్రస్తంభం ఆకాశంలోకి నిలువుగా లేచి ఉంది. హిరణ్యకశిపుడు పొందిన వరమే ఒక పొడుపు కథ. పగలు కాదు, రాత్రి కాదు, ఇంట కాదు, బయట కాదు, మనిషి కాదు, మృగం కాదు. ఇంతకంటె మంచి చిక్కుముడి ఏ ఆటకు దొరుకుతుంది?

కాని ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. చైనా ఆటను చూసి ఎవరైనా నరసింహుని ఆట చేయబూనితే గోళ్ళు, కోరలు, రక్తం మాత్రమే తీసుకునే అవకాశం ఉంది. మన కథలో పోరు ఒక్క సంధ్యవేళలో ముగిసింది. అంతకు ముందూ ఆ తర్వాతా ఉన్నదే అసలు కథ. ప్రహ్లాదుడు ఆయుధం పట్టలేదు. తండ్రి అగ్నిలో వేసినా, కొండ మీదినుంచి తోసినా మాట మార్చలేదు. పట్టుదలతో గెలిచినవాడు అతడు. చంపడమే గెలుపుగా గల ఆటలో ప్రహ్లాదునికి చోటెక్కడ?

స్వామి ఉగ్రం చల్లారిన కథ కూడా అంతే ముఖ్యం. అడవిలో చెంచులక్ష్మిని చూసి వలచి, చెంచులకు అల్లుడైనాడని మన పల్లెలు చెప్పుకుంటాయి. ఏటా కనుమనాడు బయలుదేరే పారువేట ఆ బంధుత్వానికి గుర్తు. స్వామి పల్లకిలో సుమారు నలభై రోజులు ముప్పైకి పైగా ఊళ్ళు తిరిగి తన పెండ్లికి తానే పిలుపు చెబుతాడు. ప్రతి ఊరూ తనకు తోచిన మర్యాద చేస్తుంది. ఇలా ఊరూరా తిరిగే దేవుని కథలో రాక్షసుడిని చంపడం ఒక ఘట్టం మాత్రమే.

పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ సంస్థ 2020లో 'రాజీ' అనే ఆట తెచ్చింది. అందులో ఆడేవారు దేవుడు కారు. రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముడిని వెతికే ఒక చిన్నపిల్ల. దేవతలు ఆమెకు ఆయుధాలిచ్చి తోడ్పడతారు. వుకాంగ్ ఆటలోని శిష్యుడూ అలాంటివాడే. అహోబిలానికి కూడా ఇదే తగిన దారి. స్వామిని ఆటబొమ్మ చేయరాదు. తొమ్మిది గుళ్ళ బాట పట్టిన ఒక చెంచు పిల్లనో, పారువేట పల్లకి వెంట నడిచే ఒక పల్లె కుర్రవాడినో నడిపిస్తే భక్తికి లోటు రాదు, ఆటకూ లోటు రాదు.

ముందు చేయవలసిన పని

దీనికి కోట్లు కావాలని ఎవరైనా అనవచ్చు. ఆట చేయడానికి కావాలి, నిజమే. షాన్సీలో గుళ్ళు కొలిచినట్లు కొలవడానికి కూడా డబ్బు కావాలి. అయితే చెంచు పెద్దల నోట ఉన్న కథను పట్టుకోవడానికి కోట్లు అక్కరలేదు. పారువేటలో ఏ ఊళ్ళో ఏ పాట పాడతారో, ఏ ఇంటివారికి ఏ మర్యాద ఉందో రాసి ఉంచడానికి ఆళ్ళగడ్డ, నంద్యాల కళాశాలల విద్యార్థులు చాలు. చేతిలో ఉన్న ఫోనే సాధనం. చెంచులను అడిగి, వారి సమ్మతి పొంది, వారి పేరుతోనే ఆ కథలను భద్రపరచాలి. రేపు ఎవరైనా వాటితో సొమ్ము చేసుకుంటే అందులో వారికి వాటా ఉండాలి. అల్లుడి పేరు చెప్పి మామగారి ఇల్లు దోచడం న్యాయం కాదు.

మరొక జాగ్రత్త కూడా అవసరం. ఆట పేరు చెప్పి జనం విరగబడితే షాన్సీలో రోడ్లు, వసతులు తట్టుకున్నాయేమో గాని నల్లమల ఇరుకు బాటలు, భవనాశి వాగు తట్టుకోలేవు. ఎంతమంది వస్తే అడవి ఓర్చుకోగలదో దేవస్థానం, అటవీశాఖ, జిల్లా అధికారులు కలిసి ముందే తేల్చాలి.

ఆట నేడు రావచ్చు, పదేళ్ళకు రావచ్చు, రాకనే పోవచ్చు. కాని కథ తెలిసిన చెంచు ముసలివారు పదేళ్ళు ఆగరు. వచ్చే కనుమకు పల్లకి బయలుదేరే వేళకు ఊరికి ఒక్కరు చొప్పున రాసుకునేవారు సిద్ధమైతే ఆ పని మొదలైనట్లే.