తనిఖీ గోడలకా? మాకా?

అడ్వాన్సు ఇచ్చాం. నెల తిరిగేసరికి అద్దె చేతిలో పెడుతున్నాం. అయినా మీరు తలుపు తడుతూనే ఉంటారు. గోడ చెమ్మెక్కిందేమో, కుళాయి కారుతోందేమో చూడాలంటారు. చూడండి, ఇల్లు మీది. కానీ మీ చూపు గోడ మీద నిలవదు. వంటింట్లో గిన్నె మూత మీదికి పోతుంది. ఊర్నుంచొచ్చిన మా మామూ గడ్డం మీదికి పోతుంది. ఎవరతను, ఎన్నాళ్ళుంటాడు? పక్క వాటాలో చుట్టాలొస్తే ఈ ఆరా ఉండదే!

2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం, కనీసం 24 గంటల ముందు కారణం చెప్పి నోటీసివ్వమంది. మరమ్మతుకు రావచ్చంది, ఇల్లు ఉండటానికి పనికొస్తుందో లేదో చూడొచ్చంది. కూర వాసన చూడమని ఎక్కడా లేదు. అనుమతి అడిగి, సలాం చెప్పందే పరాయి గడప దాటొద్దని ఖురాన్‌లో సూరె నూర్ 27వ ఆయత్ మాకెప్పుడో నేర్పింది. ఆ మర్యాదే మీనుంచీ అడుగుతున్నాం.

సెక్యులర్ మిత్రులారా! సామరస్యం మీద సభలు పెడతారు, మేడ మీది వాటాకి టులెట్ బోర్డూ పెడతారు. మా పేరు విన్నాక "నిన్ననే ఇచ్చేశాం" అనకండి. ఇచ్చారా, చెమ్మ చూసుకుని వెళ్ళండి. గిన్నె మూత ముట్టకండి.