క్వార్టర్‌కు వారసులుంటారా? భిలాయ్ ఉక్కునగరంలో తెగని ప్రశ్న

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో పదవీ విరమణ వయస్సు 60 ఏళ్ళు. ఆ రోజు కార్మికుడు పోగొట్టుకునేది ఉద్యోగం మాత్రమే కాదు. మూడు నాలుగు దశాబ్దాలుగా కాపురమున్న ఇంటిపై హక్కు కూడా. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన కొడుకు అక్కడే పెళ్ళి చేసుకుని ఉండవచ్చు, పెరట్లో జామచెట్టు తల్లి చేతితో నాటినదై ఉండవచ్చు. చట్టం దృష్టిలో ఇవేవీ లెక్కకు రావు. తండ్రి క్వార్టర్ తమకు బదిలీ కావాలన్న కోరిక ఉక్కునగరాల్లో పదేపదే వినిపించడానికీ, పదేపదే ఓడిపోవడానికీ కారణం ఇదే.

1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఈ కర్మాగారానికి పునాది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దుర్గ్ జిల్లా పల్లెల నేలపై సెక్టార్లుగా నగరం వెలిసింది. పని వెతుక్కుంటూ వచ్చిన వివిధ రాష్ట్రాల వారిలో తెలుగువారూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. వారి మనుమల తరానికి సొంతూరంటే పెద్దల మాటల్లో వినిపించే ఒక పేరు. ఇల్లంటే సెక్టారులోని క్వార్టరే.

అయితే ఆ ఇల్లు ఏ హక్కుతో దక్కింది? ఉద్యోగికి కేటాయించిన క్వార్టర్ న్యాయపరిభాషలో అనుమతి మాత్రమే. కిరాయిదారు హక్కు కాదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం ఇటువంటి అనుమతి వ్యక్తిగతమైనది. ఉద్యోగం ముగియగానే దాని ఆధారం పోతుంది. ఆ తరువాత అక్కడే ఉన్నవారికి 1971 నాటి ప్రభుత్వ ఆవరణల చట్టం వర్తిస్తుంది. ప్రభుత్వ రంగ కంపెనీల ఇళ్ళూ దాని పరిధిలోనివే. సంస్థ ఎస్టేట్ అధికారే నోటీసు ఇస్తారు, విచారిస్తారు, ఖాళీ చేయమని ఆదేశిస్తారు. ఇంటి యజమాని పక్షమే తీర్పరి కావడం కుటుంబాలకు మింగుడుపడని విషయం. సివిల్ కోర్టుకు వెళ్ళే దారి లేదు. జిల్లా న్యాయమూర్తికి అప్పీలు చేసుకోవచ్చు, అదీ 12 రోజుల్లోగా. ఉద్యోగకాలానికి ఇచ్చిన నివాసాల విషయంలో 2019 నాటి సవరణ ఈ ప్రక్రియను మరింత కుదించింది.

సుప్రీంకోర్టు వైఖరిలోనూ సందిగ్ధం లేదు. కాశ్మీర్ నుంచి వలస వచ్చి పదవీ విరమణ చేసిన ఒక కేంద్ర అధికారి వ్యాజ్యంలో 2021 ఆగస్టులో తీర్పు చెబుతూ, ప్రభుత్వ వసతి సర్వీసులో ఉన్నవారి కోసమేననీ, నివాస హక్కు అంటే ప్రభుత్వ క్వార్టర్‌పై హక్కు కాదనీ స్పష్టం చేసింది. అంతకుముందు 2020 డిసెంబరులో, సెయిల్ కక్షిదారుగా ఉన్న కేసులో, గడువు దాటి ఇంట్లో ఉన్నందుకు విధించే జరిమానా అద్దెను గ్రాట్యుటీ నుంచి మినహాయించుకోవచ్చని అన్నది. దీని భారం సామాన్యమైనది కాదు. ఇల్లు కట్టుకోవడానికి విశ్రాంత కార్మికుడు నమ్ముకున్న సొమ్మే ఇల్లు ఖాళీ చేయనందుకు కరిగిపోతుంది.

న్యాయస్థానాల తర్కం సమంజసమే. ఇప్పుడు కొలిమి దగ్గర నిలబడుతున్న కార్మికుడికీ ఇల్లు కావాలి. పైగా క్వార్టర్ వారసత్వమైతే ఉద్యోగం కూడా వారసత్వమేనన్న వాదన వెంటనే వస్తుంది. సింగరేణిలో వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైదరాబాద్ హైకోర్టు కొట్టివేసింది సమానావకాశ సూత్రం మీదనే. కానీ వితంతువు విషయం వేరు. సర్వీసులో ఉండగా భర్తను పోగొట్టుకున్న స్త్రీనీ, క్వార్టర్‌ను ఇతరులకు అద్దెకిచ్చి వేరే చోట ఉంటున్న వారసుణ్ణీ ఒకే నోటీసుతో చూడటం న్యాయం కాదు. సెయిల్‌పై ఇద్దరు కుటుంబీకులు వేసిన కేసులో 2000లో సుప్రీంకోర్టు, కుటుంబ ప్రయోజన పథకం కింద నెలనెలా ఇచ్చే సొమ్ము కారుణ్య నియామకానికి ప్రత్యామ్నాయం కాజాలదని చెప్పింది. ఆ దృష్టి ఇంటి విషయంలోనూ అవసరం.

ఇంగ్లండులో స్థానిక ప్రభుత్వాల ఇళ్ళ పద్ధతి భిన్నం. 1980 నాటి గృహచట్టం అక్కడి అద్దెదారు మరణానంతరం జీవిత భాగస్వామికి, లేదా ఏడాదిపాటు కలిసి నివసించిన కుటుంబ సభ్యునికి, ఒక్కసారికి మాత్రం హక్కు ఇచ్చింది. 2012 ఏప్రిల్ నుంచి మొదలైన కొత్త అద్దెలకు ఆ చట్టబద్ధ హక్కును భాగస్వామికే పరిమితం చేశారు. అక్కడ ఇల్లు అవసరాన్ని బట్టి పౌరునికి దక్కుతుంది. భిలాయ్‌లో కొలువును బట్టి ఉద్యోగికి దక్కింది. అందుకే ఆ నియమాన్ని యథాతథంగా ఇక్కడికి తేలేము. కానీ భాగస్వామిని మిగతా వారసుల నుంచి వేరుచేసి చూడటం నేర్చుకోదగినదే.

భిలాయ్‌లో మరో తరహా ఇళ్ళూ ఉన్నాయి. ఉద్యోగుల సంఖ్య తగ్గి క్వార్టర్లు మిగిలిపోతున్న కాలంలో, 2000 దశకం ఆరంభంలో, సెయిల్ కొన్నింటిని దీర్ఘకాలిక లీజుకు ఇచ్చింది. లీజు, అనుమతి ఒకటి కావు. ఆస్తి బదిలీ చట్టం కింద నిర్ణీత కాలపు లీజు, పత్రంలో వేరే షరతు లేకుంటే, గడువు ముగిసేదాకా వారసులకు సంక్రమిస్తుంది. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలన్నదీ చట్టమే. తండ్రి పేరున లీజు ఉన్న కుటుంబాలు ముందుగా చూసుకోవలసినవి మూడు: పత్రం రిజిస్టరు అయిందా, గడువు ఎన్నడు ముగుస్తుంది, వారసుని పేరు నమోదుకు ఏ షరతులున్నాయి. పక్కపక్కనే ఉన్న రెండు ఇళ్ళలో ఒకటి కేటాయింపు ఉత్తరం మీదా, మరొకటి లీజు పత్రం మీదా నడుస్తుండవచ్చు. గోడలూ కిటికీలూ ఒకేలా ఉంటాయి గనుక, ఆ తేడా చాలామందికి నోటీసు చేతికందిన రోజునే తెలుస్తుంది.