ఎవరి ఇల్లు, ఎవరి నుంచి రక్షణ? (14వ భాగం)



పోయిన వారం ఒకే వీడియోని నాకు నలుగురు పంపారు. అమెరికాలో స్థిరపడ్డ ఒక తెలుగు కుర్రాడు తుపాకీల దుకాణంలో నిలబడి చెప్తున్నాడు: వేటకీ, ఇంటి రక్షణకీ, రెండిటికీ పనికొచ్చే పంప్ యాక్షన్ షాట్‌గన్ ఏది కొనాలి? పంపినవాళ్ళలో ఇద్దరు నా విద్యార్థులే. ఒకతను కింద రాశాడు: "సార్, వాళ్ళకున్న ఈ హక్కు మన వాడలకి ఎందుకు లేదు?" ప్రశ్న మంచిదే, అందుకే ఈ భాగం దాని మీదే రాస్తున్నాను.

ముందు ఆ కుర్రాడు చెప్పింది వినండి. గొట్టం కింది పిడిని వెనక్కి లాగితే ఖాళీ తూటా బయటపడుతుంది, ముందుకు తోస్తే కొత్తది ఎక్కుతుంది. పంప్ యాక్షన్ అంటే అదే. వేటకి 26, 28 అంగుళాల గొట్టం కావాలి. ఇంట్లో గదుల మలుపుల్లో తిప్పుకోవాలంటే 18 అంగుళాలు దాటిన పొట్టి గొట్టం చాలు. గొట్టం మార్చుకుంటే ఒక్క తుపాకీ రెండు పనులూ చేస్తుంది. 1950 నుంచి వస్తున్న రెమింగ్టన్ 870, 1961లో వచ్చిన మాస్‌బర్గ్ 500, ఈ రెండిట్లో ఏది మేలో చెప్పాడు. పిట్టల్ని కొట్టే సన్న గుళ్ళు వేరు, జింకల్ని కొట్టే పెద్ద గుళ్ళు వేరు, పెద్దవి గోడ దాటి పక్క గదిలో పడుకున్న పిల్లల దాకా పోతాయి జాగ్రత్త అన్నాడు. అన్నీ సరైన మాటలే. మోటారు సైకిల్ కొనేవాడు మైలేజీ అడిగినట్టు ఉంది. చివర్లో నవ్వుతూ అన్నాడు: "ఆ పిడి లాగిన చప్పుడు వింటేనే దొంగ పారిపోతాడు."

దొంగ ఎవరు? ఎవర్ని చూసి దొంగ అంటారు? వీడియో మొత్తంలో ఈ ప్రశ్న రాలేదు. నా గొడవంతా దీనితోనే.

2020 ఫిబ్రవరి 23. జార్జియా రాష్ట్రం, బ్రన్స్‌విక్ ఊరి పక్కన అహ్మాద్ ఆర్బరీ అనే పాతికేళ్ళ నల్ల యువకుడు పరుగు తీస్తున్నాడు. ముగ్గురు తెల్లవాళ్ళు రెండు ట్రక్కుల్లో వెంటపడ్డారు. దారికి అడ్డం పెట్టారు, మళ్ళీ తరిమారు. కొడుకు చేతిలో షాట్‌గన్, తండ్రి దగ్గర రివాల్వర్. ఇంకొకడు వెనక నుంచి ఫోన్లో వీడియో తీశాడు. అహ్మాద్ చేతిలో ఏమీ లేదు. నడిరోడ్డు మీద కాల్చి చంపారు. ఆ షాట్‌గన్ ఏమిటో తెలుసా? రెమింగ్టన్ 870. దుకాణంలో కుర్రాడు చేత్తో నిమిరి చూపించిన రకమే.

వాళ్ళ వాదన ఏమిటి? మా పేట రక్షణ కోసం, దొంగ అనుకున్నాం. ఆర్బరీ కట్టుబడిలో ఉన్న ఒక ఇంట్లోకి వెళ్ళి చూసి వచ్చాడు, ఏమీ తీసుకోలేదు. అయినా రెండు నెలలు దాటేదాకా ఒక్క అరెస్టు లేదు. 1863 నాటి, అంటే బానిసత్వం నడిచిన రోజుల నాటి, పౌరులే అరెస్టు చేయొచ్చనే చట్టాన్ని ఒక ప్రాసిక్యూటరు అడ్డం పెట్టాడు. హంతకుల్లో ఒకడు తీసిన వీడియో బయటపడ్డాకే కేసు కదిలింది. 2021 నవంబరులో ముగ్గురినీ దోషులుగా తేల్చారు. ఆ పాత చట్టాన్నీ అదే ఏడాది రద్దు చేశారు. వేట, ఇంటి రక్షణ అని దుకాణం రెండు పనులు చెప్తుంది. ఆ రోజు ఆ రోడ్డు మీద రెండూ ఒకే పని అయ్యాయి.

ఇంకో సంగతి. అమెరికాలో బాతుల్ని వేటాడాలంటే కేంద్ర చట్టం ప్రకారం షాట్‌గన్‌లో మూడు తూటాలకి మించి పట్టకూడదు. ఎక్కువ పట్టే తుపాకీ అయితే లోపల ఒక బిరడా పెట్టి బిగించాలి. బాతులు అంతరించిపోకూడదని. అదే తుపాకీని ఇంటి రక్షణకని మంచం పక్కన పెట్టుకుంటే ఆ బిరడా తీసేయొచ్చు. బాతుకి దొరికిన ఆ పాటి జాగ్రత్త అహ్మాద్‌కి దొరకలేదు.

"అయితే నల్లవాళ్ళూ కొనుక్కోవచ్చు కదా సార్?" కొనుక్కున్నారు. అదే 2020 మార్చి 13, లూయీవిల్ నగరం. అర్ధరాత్రి దాటాక పోలీసులు బ్రియోనా టేలర్ ఇంటి తలుపు పగలగొట్టారు. ఎవరో చొరబడుతున్నారనుకుని ఆమె స్నేహితుడు లైసెన్సున్న తుపాకీతో ఒక్కసారి కాల్చాడు. ఇంటి రక్షణ అంటే ఇదే కదా? పోలీసులు 32 సార్లు కాల్చారు. బ్రియోనా చనిపోయింది. అతని మీద పోలీసుపై హత్యాయత్నం కేసు పెట్టారు, తర్వాత ఎత్తేశారు.

ఇది కొత్త కాదు. బానిసత్వం పోయిన 1865లోనే మిసిసిపీ రాష్ట్రం అనుమతి లేకుండా నల్లవాళ్ళు తుపాకీ ఉంచుకోకూడదని చట్టం చేసింది. 1967 మేలో బ్లాక్ పాంథర్లు తుపాకులు పట్టుకుని కాలిఫోర్నియా శాసనసభకి నడిచారు. నెలలు తిరక్కుండా గవర్నర్ రీగన్, తూటాలు నింపిన తుపాకీతో బహిరంగంగా తిరగడాన్ని నిషేధిస్తూ సంతకం పెట్టాడు. తుపాకీ హక్కు పుట్టుకతో వచ్చిందనే దేశంలో అది ఎవరి పుట్టుకో కూడా చూస్తారు.

దుకాణంలోని ఆ తమ్ముడికి ఒక మాట. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లో మన తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చినవాడు గోత్రం అడగలేదు. పరాయివాడన్నాడు, కాల్చాడు. ఇక్కడ వీధికి దొరవైన నువ్వు అక్కడ ఎవరి కళ్ళకి దొంగవో ఆలోచించు.

ఇక మన ఊళ్ళకి వద్దాం. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యని బలిగొన్న తూటా విసునూరు దేశ్‌ముఖ్ మనుషులది. 1997 డిసెంబరు 1న బీహార్‌లోని లక్ష్మణ్‌పూర్ బాథేలో రణవీర్ సేన 58 మంది దళితుల్ని చంపింది, ఎక్కువమంది ఆడవాళ్ళూ పిల్లలే. 2013లో పాట్నా హైకోర్టు అందర్నీ వదిలేసింది. కారంచేడులో, చుండూరులో అయితే గొడ్డళ్ళూ బరిసెలే చాలాయి. చుండూరులో పోలీసులు ఊళ్ళో ఉండగానే జరిగింది. అక్కడ మంచం కింద ఒక తుపాకీ ఉంటే ఏమయ్యేది? చనిపోయిన ఎనిమిది మందే ముద్దాయిలయ్యేవాళ్ళు.

మరి నా విద్యార్థి ప్రశ్నకి జవాబు? మనకి హక్కు లేదనడం నిజం కాదు. 1959 ఆయుధాల చట్టం 14వ సెక్షన్, ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదంటుంది. 1995 అత్యాచార నిరోధక నిబంధనల్లో 3వది చదవండి. దాడులు జరిగే ప్రమాదమున్న ప్రాంతాల్లో, అవసరమనుకుంటే, ఎస్సీ ఎస్టీలకి ఆయుధ లైసెన్సులు ఇవ్వాలని అందులో ఉంది. సాక్షి ప్రాణానికి ముప్పుంటే అడగండి, తప్పు లేదు.

కానీ ఆ వాక్యానికి ముందు ఇంకో వాక్యం ఉంది. మన సభల్లో దాన్ని ఎవరూ చదవరు. అదే ప్రాంతాల్లో, అవసరమనుకుంటే, ఎస్సీ ఎస్టీలు కానివారి, వాళ్ళ దగ్గరి బంధువుల, నౌకర్ల, కుటుంబ స్నేహితుల ఆయుధ లైసెన్సులు రద్దు చేసి, ఆ తుపాకులు ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించాలి. దొంగ తుపాకులు స్వాధీనం చేసుకోవాలి. ముందు వాడి చేతిలోది దించడం, తర్వాతే మన చేతికి ఇచ్చే మాట. చట్టం రాసిన వరుస అది. నేను సమర్థించేదీ ఆ వరుసనే.

కుదరదంటారా? ఎన్నికలు రాగానే లైసెన్సు తుపాకులు ఠాణాల్లో జమ చేయిస్తున్నారు కదా. బ్యాలెట్ పెట్టె కోసం చేతనైన పని మాదిగవాడ కోసం ఎందుకు చేతకాదు?

అందుకే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, వీడియోలు పంపడం ఆపి మూడు పనులు చేయండి. మీ జిల్లాలో మండలాల వారీగా ఎన్ని ఆయుధ లైసెన్సులున్నాయో, ఏ కారణంతో ఇచ్చారో సమాచార హక్కు కింద అడగండి. పేర్లు అడిగితే వ్యక్తిగతమని తిప్పికొడతారు, లెక్కలు అడగండి. అత్యాచార కేసులు నమోదైన గ్రామాల్లో 3వ నిబంధన కింద ఎన్ని లైసెన్సులు రద్దు చేశారో అడగండి. కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకోసారి కూర్చోవాల్సిన జిల్లా విజిలెన్స్ కమిటీ ముందు ఆ కాగితం పెట్టించండి.

వచ్చిన జవాబులు నాకు పంపండి. సున్నా అని వచ్చినా పంపండి. ఆ సున్నాలన్నీ కలిపి వచ్చే భాగం రాస్తాను.

జై భీమ్.