ఆ రంగు ఎవరి మూరతో కొలిచారు?

మగ్గం మీద చూస్తే చీర నిగనిగలాడే చిలకపచ్చ. ఫొటో తీసి పంపితే అవతలివాళ్లకు నాలుగు ఉతుకులైనట్టు వెలిసిపోయి కనిపిస్తుంది. 'అబ్బే, రంగు బాలేదు' అనేస్తారు. బేరం పోతుంది. నష్టం నేతన్నకు!

1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో అయినా, పెళ్లి ఆల్బమ్‌లు చేసే ఆదోని స్టూడియోలో అయినా ఈ చిక్కు ఒకటే. తప్పు అద్దకానిది కాకపోవచ్చు. 'కలర్ ప్రొఫైల్' సంగతి చూడండి.

ఏమిటది?

పూలు మూరల్లెక్కన కొంటాం కదా. కొలిచేవాళ్ల చెయ్యి పొడుగైతే మూర పెద్దది, పొట్టిదైతే చిన్నది. ఫొటోలో రంగులూ అంతే. ప్రతి చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంతో మామూలుగా 0 నుంచి 255 వరకు అంకెల్లో ఉంటుంది. ఆ అంకెలు ఎవరి మూరతో కొలిచినవో చెప్పే చీటీయే ప్రొఫైల్.

1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీ పొట్టి మూర. మామూలు తెరలకు సరిపోతుంది. 1998లో అచ్చు పనిని దృష్టిలో పెట్టుకుని వచ్చిన అడోబ్ ఆర్‌జీబీ పొడుగు మూర. ఆకుపచ్చ ఛాయలు ఇందులో ఎక్కువ పడతాయి. పొడుగు మూరతో కొలిచిన ఫొటోకు చీటీ ఊడిపోతే, అవతలి తెర దాన్ని పొట్టి మూరే అనుకుంటుంది. అందుకే ఆ వెలవెల!

ఏం చెయ్యాలి?

* ఫోన్లకు, వెబ్‌సైట్లకు పంపే ఫొటోలైతే కెమెరా మెనూలో 'కలర్ స్పేస్'ను ఎస్‌ఆర్‌జీబీగా పెట్టండి.

* ఇప్పటికే అడోబ్ ఆర్‌జీబీలో తీశారా? ఫొటోషాప్‌లో 'కన్వర్ట్ టు ప్రొఫైల్' వాడండి. ఇది రంగు చెడకుండా అంకెలను మారుస్తుంది. 'అసైన్ ప్రొఫైల్' వేరు. అది చీటీ మాత్రమే మార్చి, రంగును తారుమారు చేస్తుంది.

* సేవ్ చేసేటప్పుడు ప్రొఫైల్‌ను జతచేసే గడిలో టిక్కు పెట్టడం మరవొద్దు.

* ఆల్బమ్ ప్రింటుకు ఇచ్చే ముందు ఏ ప్రొఫైల్‌లో కావాలో ల్యాబ్‌వాళ్లను అడగండి.

* ట్యూబ్‌లైట్, పగటి వెలుగు కలిసిన చోట ఫొటో తీయకండి. వెలుతురు తేడాను ప్రొఫైల్ సరిచేయదు.

ఎన్ని చేసినా అందరి తెరలూ ఒక్కలా ఉండవు. ఖరీదైన చీరయితే అదే రంగు నూలుపోగు ఒకటి కవర్లో పెట్టి ముందుగా పంపితే సరి. దానికి ఏ ప్రొఫైలూ అక్కర్లేదు!