మారిన మనసుకు పోలీసు విచారణా?

కలకత్తా హిందూ కళాశాలలో చదివిన కృష్ణమోహన్ బెనర్జీ కులీన బ్రాహ్మణుడు. డెరోజియో ప్రభావంతో ప్రశ్నించడం నేర్చినవాడు. 1831లో మిత్రులు పొరుగింట్లోకి గోమాంసం విసిరితే, ఆ సమయంలో అక్కడ లేకపోయినా, ఇల్లు విడిచి వెళ్లవలసి వచ్చింది. అప్పటికాయన క్రైస్తవుడు కాదు. 'ఎంక్వైరర్' పత్రికలో ఛాందసాన్ని ఖండిస్తున్న యువకుడు మాత్రమే. ఆ తరువాత అలెగ్జాండర్ డఫ్ ఉపన్యాసాలు విని, వాదించి, కొత్త అవగాహనకు వచ్చి, 1832 అక్టోబరులో డఫ్ చేతనే బాప్తిస్మం పొందాడు. మతం మారినంత మాత్రాన వారసత్వ హక్కు పోదని చెప్పే చట్టం 1850లో గానీ రాలేదు.

మతం మారినా ఆయన దేశానికి దూరం కాలేదు. సురేంద్రనాథ్ బెనర్జీ ప్రభృతులు స్థాపించిన ఇండియన్ అసోసియేషన్‌కు అధ్యక్షత వహించాడు.

నేడు ఉత్తరప్రదేశ్‌లో 2021 నాటి చట్టం ప్రకారం, మతం మారదలచినవారు 60 రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేటుకు తెలపాలి. వారి అసలు ఉద్దేశమేమిటో పోలీసులు విచారిస్తారు. బలవంతాన్ని, మోసాన్ని శిక్షించవలసిందే. అయితే చదివి, తర్కించి మారిన మనసును ఏ ఠాణా తూచగలదు? రాజ్యాంగం 25వ అధికరణంలో అంతరాత్మ స్వేచ్ఛను ముందుగా పేర్కొంది. ఆ స్వేచ్ఛకు ముందస్తు అనుమతి అవసరమైతే, అది హక్కు కాదు, దయాభిక్ష.